రెండు ఫార్మల్ నైట్లు, 20 కిలోల పెట్టె: ఓడ ప్రయాణంలో నా అనుభవం

మా పెళ్ళయి పాతికేళ్ళు నిండాయని మా అమ్మాయి, అల్లుడు కలిసి మా ఇద్దరికీ ఓడ ప్రయాణం బుక్ చేశారు. బార్సిలోనాలో ఎక్కి, ఏడు రాత్రులు మధ్యధరా సముద్రంలో తిరిగి, మళ్ళీ అక్కడే దిగాలి. ఓడ బయలుదేరేది 2025 సెప్టెంబరు 14, ఆదివారం. వీసా గురించి, చూసిన ఊళ్ళ గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను బట్టల గురించే రాస్తాను. నెల రోజులు నాకు నిద్ర లేకుండా చేసింది బట్టలే.

ఏడు రాత్రుల్లో రెండు ఫార్మల్ నైట్లు ఉంటాయని ఓడవాళ్ళ కాగితాల్లో ఉంది. మాకు రెండో రాత్రి ఒకటి, ఆరో రాత్రి ఒకటి. ఆ రెండు రాత్రులూ పెద్ద డైనింగ్ హాల్లో భోజనానికి సూటు, గౌను లాంటివి వేసుకుని రావాలి. ఎవరి సంప్రదాయ దుస్తులు వాళ్ళు వేసుకున్నా ఫరవాలేదని అమ్మాయి అడిగి తెలుసుకుంది. అది వినగానే నేను నిర్ణయించేసుకున్నాను, మా పెళ్ళి చీర కట్టుకోవాలని. మా నాన్న కంచి వెళ్ళి తెచ్చిన చీర అది. అరిటాకు పచ్చ మీద మిరపపండు ఎరుపు అంచు. నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ చీర ఏడాదికోసారి నీడలో ఆరబెట్టి, మడత మార్చి లోపల పెట్టడమే గాని కట్టింది లేదు.

ఆగస్టు 9న టికెట్లు చేతికొచ్చాయి. విమానం శంషాబాద్ నుంచి, మధ్యలో గల్ఫ్‌లో మారి బార్సిలోనాకి. చవకలో వచ్చిన టికెట్ కాబట్టి మనిషికి 20 కిలోల పెట్టె, చేతిలో 7 కిలోల సంచి. అంతే. ఇంకో ఐదు కిలోలు కొందామని చూస్తే రానూపోనూ మనిషికి 11 వేల పైచిలుకు చూపించింది. వద్దనుకున్నాం.

ఆగస్టు 24 ఆదివారం మొదటిసారి సర్దాం. విజయవాడ బీసెంట్ రోడ్డులో 650 రూపాయలు పెట్టి కొన్న చేతి తూకం మిషన్‌కి పెట్టెలు తగిలించి చూస్తే రెండూ కలిపి 53 కిలోలు. 40 దాటకూడదు. నాకు నీరసం వచ్చేసింది. మావారు బ్యాంకులో పని చేసిన మనిషి, లెక్క తేలేదాకా ఊరుకోరు. వంటింట్లో పిండి తూచుకునే మిషన్ తెచ్చి ఒక్కో వస్తువూ విడిగా తూచారు, నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ సాయంత్రం తెలిసిన సంగతులు నేను అంతకుముందు ఊహించనివి.

కంచి పట్టుచీర 940 గ్రాములు. దాని మగ్గం వర్క్ జాకెట్టు ఒక్కటే 310. చీరలో మూడో వంతు బరువు ఆ చిన్న జాకెట్టుకే! మావారి బ్లేజరు కిలో 50 గ్రాములు, తోలు బూట్లు కిలో 120. నా హీల్స్ 600. మా పాత గట్టి పెట్టె ఖాళీదే 5 కిలోల 200. అంటే మాకిచ్చిన 20 కిలోల్లో పాతిక శాతం పెట్టెకే పోతోంది. బరువంతా చీరల్లో ఉందని నేను అనుకున్నాను. నిజానికి పెట్టెల్లో, చెప్పుల్లో ఉంది.

మర్నాడే పెట్టెలు మార్చాం. గుడ్డతో చేసినవి, ఒక్కోటి 2 కిలోల 600. రెండూ కలిపి 7,400 రూపాయలు అయ్యాయి గాని ఐదు కిలోల పైన కలిసొచ్చింది. తోలు బూట్లు, బ్లేజరు విమానంలో ఒంటిమీదే వేసుకుంటానని మావారన్నారు. ఇంకో రెండు కిలోలు తగ్గాయి. నా హీల్స్ తీసేసి, పగలూ రాత్రీ పనికొచ్చే ఒక్క జత బంగారు రంగు చెప్పులు పెట్టుకున్నాను. నగలు అన్నీ వన్ గ్రామ్ గోల్డే. హారం, కాసులపేరు, జుంకీలు కలిపి 200 గ్రాములు కూడా లేవు. మెళ్ళో నల్లపూసలు, చేతికి రెండు గాజులు తప్ప అసలు బంగారం తీసుకెళ్ళలేదు. పోతుందేమోనన్న బెంగా లేదు, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్ళకి చెప్పుకోవాల్సిన పనీ లేదు.

మొదటి ఫార్మల్ నైట్‌కి నెమలికంఠం రంగు ఉప్పాడ జమ్దానీ ఎంచుకున్నాను. 380 గ్రాములు, మామూలు జాకెట్టు 110. చేతిలో పట్టుకుంటే ఉందా లేదా అన్నట్టుంటుంది, కట్టుకుంటే నిండుగా ఉంటుంది. బరువు లెక్క ఉన్న ప్రయాణాలకి ఉప్పాడ చీరను మించింది నేనింకా చూడలేదు. మావారికి రెండో ఫార్మల్ నైట్‌కి పట్టుపంచె, లాల్చీ, కండువా. మూడూ కలిపి 620 గ్రాములు. ఇంకో సూటు పెడితే కిలోన్నర దాటేది. పంచె కట్టుకుంటే లోపలికి రానిస్తారా అని ఆయన చివరిదాకా అనుమానపడుతూనే ఉన్నారు.

సెప్టెంబరు 8న రెండు చీరలూ ప్రీ ప్లీటింగ్‌కి ఇచ్చాను. కుచ్చిళ్ళు, పైట మడతలు ముందే పెట్టి, ఐరన్ చేసి, పిన్నులు గుచ్చి చదరంగా మడిచి ఇస్తారు. చీరకి 250 రూపాయలు. ఓడ గదిలో జాగా తక్కువ, సాయం చేసేవాళ్ళు ఉండరు, అందుకని ఈ ఖర్చుకి నేను వెనకాడలేదు. ముడతలు పడితే పనికొస్తుందని మా అమ్మాయి బట్టల మీద ఆవిరి పట్టే చిన్న స్టీమర్ పంపించింది. అది 850 గ్రాములు. దాని సంగతి తర్వాత చెప్తాను.

రెండు పెట్టెల్లోనూ ఇద్దరి బట్టలూ సగం సగం సర్దమని కూడా అమ్మాయే చెప్పింది. ఒక పెట్టె రాకపోతే ఒకరికి పూర్తిగా బట్టల్లేకుండా పోకూడదని. విమానం ఎక్కే రోజు, సెప్టెంబరు 12న, మేం విజయవాడ నుంచి కారులో హైదరాబాద్ వెళ్తుంటే సూర్యాపేట దగ్గర ఫోన్ చేసింది.

"అమ్మా, మొదటి ఫార్మల్ నైట్ బట్టలు ఎందులో పెట్టావు?"

"పెట్టెలోనే తల్లీ."

"తీసి చేతి సంచిలో పెట్టుకోమ్మా. ఓడ ఎక్కాక పెట్టె కోసం వెనక్కి రాలేవు."

టీ తాగడానికి ఆగిన చోట కారు డిక్కీ తెరిచి ఉప్పాడ చీర, దాని జాకెట్టు తీసి చేతి సంచిలో కుక్కాను. కంచి చీర కూడా తీద్దామని చెయ్యి పెట్టాను. సంచి అప్పటికే 6 కిలోల 700 ఉంది. వదిలేశాను. ఆ తర్వాత ఆరు రోజులు ఆ క్షణాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కలేదు.

మా మొదటి విమానం గంటకు పైగా ఆలస్యం. గల్ఫ్‌లో దిగి రెండో విమానం దాకా పరుగే. మేం అందుకున్నాం, ఒక పెట్టె అందుకోలేదు. 13వ తేదీ మధ్యాహ్నం బార్సిలోనాలో బెల్టు దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డాం. మావారి పెట్టె వచ్చింది. బెల్టు ఆగిపోయింది. నా పెట్టె రాలేదు. చుట్టుపక్కల ఎవరూ లేరు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అందులో సగం బట్టలున్నాయన్న ధ్యాస లేదు, నాన్న కొన్న చీర ఉందన్న ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది.

అక్కడే సామాను ఫిర్యాదుల కౌంటర్ ఉంది. మా ముందు ఆరుగురు. వంతు రావడానికి గంటా పది నిమిషాలు పట్టింది. పెట్టె రంగు, సైజు, చక్రాలెన్ని, లోపల గుర్తుపట్టగలిగే వస్తువేమిటి అని అడిగారు. ఆకుపచ్చ పట్టుచీర, తెల్ల పంచె ముక్కలో చుట్టి ఉంటుందని చెప్పాను. పి.ఐ.ఆర్. (ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్, అంటే సామాను ఫిర్యాదు) అనే కాగితం ఇచ్చారు, మీద ఒక నంబరు. పెట్టె దొరికేదాకా ఆ నంబరే మనకి దిక్కు. ఆ తర్వాత వచ్చింది అసలు ప్రశ్న: దొరికితే ఏ అడ్రసుకి పంపాలి? మేం మర్నాటి సాయంత్రం ఆరింటికి సముద్రంలో ఉంటాం. ఓడ ఏ తేదీన ఏ రేవులో ఆగుతుందో అమ్మాయి ప్రింటు తీసి ఇచ్చింది, అదే మమ్మల్ని కాపాడింది. 15 పాల్మా, 16 మార్సెయ్, 17 లా స్పెజియా, 18 చివితావెక్కియా (రోమ్‌కి దగ్గరి రేవు), 19 నేపుల్స్. ఆ కాగితం జిరాక్స్ తీసుకుని ఫైల్లో పెట్టుకున్నారు. ఓడ పేరు, మా గది నంబరు కూడా రాయించుకున్నారు. ఫోన్లో చూపిస్తే సరిపోయేది కాదు, కాగితమే కావాలన్నారు.

ఆదివారం పన్నెండింటికి రేవుకి వెళ్ళాం. టెర్మినల్ బయటే పోర్టర్లు పెట్టె తీసుకుంటారు. ఇంటి దగ్గరే ప్రింటు తీసి కట్టిన ట్యాగు మీద గది నంబరు ఉంటుంది, సాయంత్రానికి పెట్టె గది ముందుకి వస్తుంది. అందరి పెట్టెలూ వస్తున్నాయి. ఏడున్నరైనా మాది రాలేదు. మిగిలిన ఒక్కటీ పోయిందా అని నాకు ఏడుపొచ్చేసింది. కిందికి వెళ్ళి గెస్ట్ సర్వీసెస్‌లో అడిగితే సెక్యూరిటీ గదికి వెళ్ళమన్నారు. పెట్టె అక్కడే ఉంది. స్టీమర్ వల్ల ఆపారట. అగ్ని ప్రమాదం భయంతో ఇస్త్రీ పెట్టెలు, స్టీమర్లు ఓడలో గదుల్లోకి రానివ్వరు. స్టీమర్ తీసుకుని రసీదు ఇచ్చారు, దిగే రోజు ఇస్తామని. తిట్టలేదు, విసుక్కోలేదు, రోజూ ఇలాంటివి చూస్తామని నవ్వారు. 850 గ్రాములు విజయవాడ నుంచి మోసుకొచ్చి ఒక్కసారి కూడా వాడలేదు. అది లేకపోతే చేతి సంచిలోవి కొన్ని పెట్టెలోకి మార్చి, కంచి చీర సంచిలో పెట్టుకునేదాన్ని.

ఆ రాత్రి గదిలో ఉప్పాడ చీర హ్యాంగరుకి తగిలిస్తుంటే ఇంకోటి తట్టింది. చీర ఉంది, జాకెట్టు ఉంది, పిన్నీసులున్నాయి, వన్ గ్రామ్ హారం ఉంది. పావడా లేదు! పావడాలన్నీ రాని పెట్టెలో ఉన్నాయి. పావడా లేకపోతే కుచ్చిళ్ళు ఎక్కడ దోపాలి? పైగా ఉప్పాడ పల్చటి చీర.

15వ తేదీ సోమవారం ఉదయం పాల్మాలో దిగాం. అందరూ చర్చి వైపు వెళ్తుంటే మేం బట్టల కొట్ల వెంట తిరిగాం. నాలుగో కొట్లో ముదురు నీలం రంగు పొడవాటి స్కర్టు దొరికింది, 12 యూరోల 99 సెంట్లు. కొట్లో అమ్మాయికి నా ఇంగ్లిష్ పెద్దగా అర్థం కాలేదు గాని, ఫోన్లో చీర ఫోటో చూపిస్తే రంగు కలిసేదాన్ని తనే వెతికి తీసిచ్చింది. గదికొచ్చి వేసుకుని చూస్తే నడుం దగ్గర ఎలాస్టిక్ వదులు. ఆరు కుచ్చిళ్ళ బరువుకి జారిపోతుంది. మావారు ఒక్క మాట మాట్లాడకుండా తన స్పోర్ట్స్ బూటు నల్ల లేసు విప్పి ఇచ్చారు. స్కర్టు పట్టీ కుట్టు కొంచెం విప్పి, పిన్నీసు చివర లేసు ముడేసి, మన ఇళ్ళలో బొందు ఎక్కించినట్టే వేళ్ళతో నెట్టుకుంటూ అటునుంచి లాగాను. గట్టిగా ముడేస్తే కదల్లేదు. ప్రీ ప్లీటింగ్ చేసిన చీర కాబట్టి పది నిమిషాల్లో కట్టుకోవడం అయిపోయింది.

డైనింగ్ హాల్లోకి అడుగుపెట్టేదాకా నాకు టెన్షనే. తీరా చూస్తే, అంతకుముందు వీడియోల్లో చూసి మేం భయపడినంత ఏమీ లేదు. నల్ల సూటు, బో టై వేసుకున్నవాళ్ళు తక్కువే. బ్లేజరు వేసుకుని టై లేనివాళ్ళు ఎక్కువ, మంచి చొక్కా, ప్యాంటుతో వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆడవాళ్ళు మాత్రం శ్రద్ధగా తయారయ్యారు. ఇదంతా ఇష్టం లేనివాళ్ళు పై అంతస్తులో బఫే దగ్గర మామూలు బట్టల్తో తింటున్నారు. లిఫ్టులో ఒక పెద్దావిడ నా పైట అంచు చూసి, ముట్టుకోవచ్చా అని అడిగింది. నేత పువ్వుల మీద వేలితో రాసి చూసి, చేత్తో నేసినదేనా అంది. అవునంటే కళ్ళు పెద్దవి చేసింది. ఉప్పాడ ఎక్కడో నేను చెప్పేలోపు ఆవిడ అంతస్తు వచ్చేసింది.

పెట్టె సంగతి: 14వ తేదీ రాత్రి తొమ్మిదింటికి అది బార్సిలోనా చేరిందని మెసేజ్ వచ్చింది. మా ఓడ వెళ్ళిపోయిన మూడు గంటలకి! తర్వాతి రేవుకి వెంటనే పంపేస్తారనుకున్నాను. అలా జరగదు. విమానాలు సరిగ్గా కుదిరే ఊరు చూసి పంపుతారు. రోమ్‌కి పంపుతామని, 18న చివితావెక్కియాలో ఓడకి అందుతుందని 16న కబురు చేశారు. ఈ మూడు రోజులూ రోజుకి రెండుసార్లు గెస్ట్ సర్వీసెస్‌కి వెళ్ళి పి.ఐ.ఆర్. నంబరు చూపించేదాన్ని. వాళ్ళు మా ఇద్దరి బట్టలూ రెండుసార్లు డబ్బు తీసుకోకుండా ఉతికిచ్చారు. ఉన్నవాటినే మార్చి మార్చి వేసుకున్నాం. మార్సెయ్‌లో మావారికి ఒక చొక్కా కొన్నాం, బిల్లు తీసుకోవడం మర్చిపోయాం.

18న రోమ్ వెళ్ళాం. చూశాం గాని నా మనసంతా ఓడ దగ్గరే ఉంది. సాయంత్రం ఐదున్నరకి వెనక్కొచ్చి మా వరండా మలుపు తిరిగితే, దూరం నుంచే కనిపించింది. గది తలుపు ముందు నా పెట్టె. ఒక చక్రం విరిగింది, తాళం కోసేశారు. అక్కడే నేల మీద కూర్చుని జిప్పు తీశాను. పైన మావారి చొక్కాలు, వాటి కింద తెల్ల పంచె ముక్క. విప్పితే పచ్చ చీర, మా బీరువా వాసనతో సహా. ప్రాణం లేచొచ్చింది. మావారు పక్కనే కూర్చుని నా భుజం మీద చెయ్యేశారు. ఎవరో దంపతులు అటుగా వస్తూ మమ్మల్ని చూసి, పక్కకి తప్పుకుని వెళ్ళారు.

చీర బాగానే ఉంది గాని, మగ్గం వర్క్ పూసలు ఒత్తుకుని పైట మీద వరసగా గుంటలు పడ్డాయి. జాకెట్టు విడిగా మెత్తటి గుడ్డలో చుట్టాల్సింది. స్టీమర్ లేదు కాబట్టి, స్నానాల గదిలో చీర హ్యాంగరుకి తగిలించి, నీళ్ళు తగలకుండా వేడి నీళ్ళ షవర్ పది నిమిషాలు వదిలి తలుపు మూశాను. గుంటలు చాలావరకు పోయాయి. లాల్చీ, పంచె మాత్రం ఓడ లాండ్రీకి ఇచ్చాం, ఇస్త్రీకి 9 డాలర్లు. మర్నాడు మధ్యాహ్నానికి వచ్చాయి.

19వ తేదీ, నేపుల్స్. రెండో ఫార్మల్ నైట్. నా పావడా నాకు దొరికింది, ఆయన లేసు ఆయనకి ఇచ్చేశాను. చీర కట్టుకుని అద్దంలో చూసుకుంటే ఇరవై రెండేళ్ళ నేనూ కనిపించాను, కొంగు సరిచేస్తున్న నాన్నా కనిపించాడు. మావారు పంచె కట్టి కండువా వేసుకుని బయటికొస్తే హాలు దగ్గర నిలబడ్డ హెడ్ వెయిటర్ రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. ఆయన అనుమానం అక్కడితో తీరిపోయింది. భోజనానికి ముందు డెక్ మీదికి వెళ్ళాం. ఓడ రేవు వదులుతోంది, వెనక వెసూవియస్ కొండ. ఓడ ఫోటోగ్రాఫర్ దగ్గర ఒక్కో ప్రింటుకి 20 డాలర్ల పైనే. పక్కనున్న కుర్రాణ్ణి అడిగితే మా ఫోన్లోనే నాలుగు ఫోటోలు తీసిచ్చాడు. వాటిలో ఒకటి ఇప్పుడు మా హాల్లో నాన్న ఫోటో పక్కన ఉంది.

ఆఖరి రాత్రి ఇంకో జాగ్రత్త కావాలి. పెట్టెలు రాత్రి 11 లోపు గది బయట పెట్టేయాలి, పొద్దున్న మనం దిగాక టెర్మినల్లో తీసుకోవాలి. పొద్దున్నకి వేసుకునే బట్టలు, చెప్పులు, మందులు, పాస్‌పోర్టులు చేతిలోనే ఉండాలి. అన్నీ పెట్టెలో సర్దేసి, పొద్దున్నే నైట్ డ్రెస్సుతో దిగిన ఆయన్ని చూశాం పాపం. రసీదు చూపించి స్టీమర్ వెనక్కి తీసుకున్నాం. మార్సెయ్ సబ్బులు నాలుగు కొన్నా పెట్టె 19 కిలోల 800 తూగింది. వచ్చేటప్పుడు కంచి చీర నా చేతి సంచిలో, నా ఒళ్ళోనే ఉంది.

ఆలస్యంగా వచ్చిన సామానుకి, పెట్టె మన చేతికందిన రోజు నుంచి 21 రోజుల్లోపు విమానం కంపెనీని నష్టపరిహారం రాతపూర్వకంగా అడగాలి. సెప్టెంబరు 25న పి.ఐ.ఆర్., బోర్డింగ్ పాసులు, బిల్లులు జత చేసి మెయిల్ పెట్టాం. స్కర్టు, లోపలి బట్టలు, విరిగిన చక్రం కలిపి 87 యూరోలు. బిల్లు లేని చొక్కా లెక్కలోకి రాలేదు. రెండుసార్లు గుర్తు చేశాక నవంబరు 4న డబ్బు పడింది.

మా వియ్యపురాలు వచ్చే ఫిబ్రవరిలో ఇలాగే వెళ్తున్నారు. మొన్న వచ్చి తూకం మిషన్ పట్టుకెళ్ళారు. వెళ్ళాక గుర్తొచ్చి ఫోన్ చేశాను. "వదినగారూ, చీరతో పాటు పావడా కూడా చేతి సంచిలోనే పెట్టుకోండి" అని.